మాత్రికలు మార్కుల కొరకేనా?

మూడు వరుసలు, మూడు నిలువులు గల మాత్రికను ఇచ్చి దాని లాక్షణిక మూలములను కనుగొనుమన్నచో మన డిగ్రీ విద్యార్థులలో చాలమంది తప్పు లేకుండ కనుగొందురు. కేలీ–హామిల్టన్ సిద్ధాంతమును సరిచూడుమన్నచో సరిచూతురు. ఆ మాత్రికకు విలోమమును కూడ అదే లెక్కలో రాబట్టి, చివర రెండు గీతలు గీసి, తరువాతి ప్రశ్నకు పోవుదురు. కాని "నీవు కనుగొన్న ఈ మూడు సంఖ్యలు ఏమి చెబుతున్నాయి?" అని ఆపి అడిగినచో తరగతి అంతయు మౌనము వహించును. ఒకమారు వెనుక వరుసలోని విద్యార్థి యొకడు లేచి, "అయిదు మార్కులు చెబుతున్నాయి సార్" అనెను. తరగతి నవ్వినది. నేనును నవ్వితిని. కాని ఇంటికి పోవు దారిలో ఆ మాట ముల్లువలె గ్రుచ్చుకొన్నది. తప్పు ఆ పిల్లవానిది కాదు. మేము చెప్పినదే అతడు చెప్పినాడు.

మన కళాశాల వరండాలో ఉర్దూ, తెలుగు రెండును వినవచ్చును గనుక ఇచట ఒక చిన్న మాట. పాశ్చాత్యులు ఆల్జీబ్రా అని పిలుచునది తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రచించిన గ్రంథము పేరులోని అల్ జబ్ర్ అను పదమే. అరబ్బీలో జబ్ర్ అనగా విరిగినదానిని తిరిగి అతికించుట. ఎముకలు కట్టువాని పనికిని ఆ మాటయే వాడుదురు. ఉర్దూలో ఆ మాటకు నిర్బంధము, బలవంతము అను అర్థమే స్థిరపడినది. మన తరగతి గదులలో ఈ రెండవ అర్థము నిలిచి మొదటిది మరుగుపడినదని నా అనుమానము. ఈ వ్యాసములో నేను చెప్పదలచినది ఆ మొదటి అర్థమును గూర్చి. ఎక్కడెక్కడనో విడివిడిగా పడియున్నట్లు కనిపించు విషయములను రేఖీయ బీజగణితము ఎట్లు అతికించునో ఒక నిజమైన ఉదాహరణముతో చూపుదును. అటువంటిది ఒక్కటైనను చూపకుండ ఈ పాఠమును ముగించి పరీక్ష పెట్టుట విద్యార్థికి అన్యాయమని నా వాదము.

ఉదాహరణము పంటపొలములో మొదలై తాళ్ళ ముడులలో తేలును. కొంచెము ఓపిక పట్టవలెను.

1931లో కలకత్తాలో ప్రశాంత చంద్ర మహలనోబిస్ భారత గణాంక సంస్థను నెలకొల్పెను. కొలది కాలమునకే ఆర్. సి. బోస్ అను జ్యామితి అధ్యాపకుడు అందు చేరెను. అక్కడ ఆయనకు ఎదురైన సమస్య జ్యామితి కాదు, వ్యవసాయము. పది వరి వంగడములను పోల్చవలెననుకొందము. ఒకే సారము గల నేలముక్కలో నాలుగైదు మళ్ళకు మించి పట్టవు. అట్టి ముక్కలు ఎన్ని తీసుకొన్నను ప్రతి జతను సమానమైన పర్యాయములు ప్రక్కప్రక్కన పెట్టుటకు వీలు పడకపోవచ్చును. అప్పుడేమి చేయవలెను? కొన్ని జతలు తరచుగా కలిసికొనును, మిగిలినవి అరుదుగా కలిసికొనును. కాని ఆ రెండు తరగతులలోను ఒక కట్టుబాటు ఉండవలెను. దగ్గరి చుట్టములు ఎవరు, దూరపు చుట్టములు ఎవరు అని ముందే తేల్చుకొనుట వంటిది ఇది. 1939లో బోస్, కె. ఆర్. నాయర్‌తో కలిసి ఈ కట్టుబాటును గణితముగా వ్రాసెను. ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితము చదివి 1941లో ఆ సంస్థలో చేరిన సి. ఆర్. రావు గారి తొలి కృషిలో కొంత ఈ ప్రయోగ రూపకల్పనకు సంబంధించినదే. 1949లో బోస్ అమెరికా వెళ్ళెను. 1959లో డేల్ మెస్నర్‌తో కలిసి ఈ చుట్టరికముల వెనుక ఒక మాత్రికా బీజగణితము ఉన్నదని చూపెను. 1963లో, చుట్టరికము రెండే తరగతులుగా ఉన్నప్పుడు ఏర్పడు గ్రాఫులకు "దృఢ క్రమ గ్రాఫులు" అని మనము చెప్పుకొనదగిన పేరు పెట్టెను.

గ్రాఫ్ అనగా కొన్ని శీర్షములు, వానిలో కొన్ని జతలను కలుపు అంచులు, అంతే. దృఢ క్రమమనగా ప్రతి శీర్షమునకు పొరుగువారి సంఖ్య ఒకటే; పొరుగువారైన ఏ ఇద్దరికైనను ఉమ్మడి పొరుగువారి సంఖ్య ఒకటే; పొరుగువారు కాని ఏ ఇద్దరికైనను ఆ సంఖ్య మరియొకటి.

చేతితో గీయదగినది ఒకటి చూతము. 1 మొదలు 5 వరకు అంకెలను తీసుకొని వానినుండి జతలు చేసినచో పది జతలు వచ్చును. ఆ పది జతలే శీర్షములు. ఉమ్మడి అంకె లేని జతలను అంచుతో కలుపుము. 1, 2 జతకు 3, 4, 5 నుండి వచ్చు మూడు జతలు పొరుగు. పొరుగువారైన రెండు జతలు నాలుగు అంకెలను ఉపయోగించుకొనును గనుక, రెంటికిని ఉమ్మడి పొరుగు ఉండదు. పొరుగు కాని రెండు జతలు మూడు అంకెలను తీసుకొనును. మిగిలిన రెండు అంకెల జత ఒక్కటే వానికి ఉమ్మడి పొరుగు. ఇది పీటర్సన్ గ్రాఫ్.

ఇప్పుడు పదికి పది మాత్రిక వ్రాయుదము. రెండు శీర్షములు పొరుగైనచో 1, కానిచో 0. ఈ మాత్రికను "మ" అందము. మ²లోని ప్రతి మూలకము ఒక శీర్షమునుండి మరియొక శీర్షమునకు రెండు అడుగులలో పోవు దారుల సంఖ్య. ఆ సంఖ్య మనకు తెలియును: తనకు తాను 3, పొరుగుకు 0, మిగిలినవారికి 1. కావున మ² = 3త + (స − త − మ). ఇచట త తత్సమ మాత్రిక, స అన్నియు ఒకట్లే గల మాత్రిక. మూలకముల మొత్తము సున్న అగు సదిశలపై స పనిచేసినచో సున్న వచ్చును. కనుక అట్టి సదిశలపై మ యొక్క లాక్షణిక మూలము, మన బీజగణితకారులు యావత్తావత్తు అని పిలిచి "యా" అని కుదించి వ్రాసిన అజ్ఞాత రాశి, ఈ వర్గ సమీకరణమును పాటించును:

యా² + యా − 2 = 0.

మూలములు 1, −2. ఏది ఎన్ని మారులు? అన్ని ఒకట్లు గల సదిశకు మూలము 3, అది ఒక్కమారు. మిగిలినవి తొమ్మిది. మ వికర్ణమంతయు సున్నలే గనుక మూలముల మొత్తము సున్న. 1 అయిదు మారులు, −2 నాలుగు మారులు అని వెంటనే తేలును. పది నిలువుల నిర్ధారకమును విప్పవలసిన పని లేదు. ఈ సంఖ్యలు ఏమి చెబుతున్నవని అడిగితిని గదా. పది పరిమాణముల అంతరాళమును ఈ గ్రాఫ్ 1, 5, 4 పరిమాణములు గల మూడు ముక్కలుగా చీల్చుచున్నదని చెప్పుచున్నవి.

ఈ కొద్దిపాటి లెక్క బలమెంతటిదో 1960లో హాఫ్‌మన్, సింగిల్‌టన్ అను వారు చూపిరి. పీటర్సన్ గ్రాఫువలెనే త్రిభుజములు లేక, పొరుగు కాని ఏ ఇద్దరికిని సరిగా ఒక్క ఉమ్మడి పొరుగు ఉండునట్టి గ్రాఫులు ఇంకను ఏవి ఉండగలవు? పొరుగువారి సంఖ్య 2, 3, 7, 57 తప్ప మరియొకటి కాజాలదని వారు నిరూపించిరి. నిరూపణ అంతయు పై రెండు సమీకరణములే. లాక్షణిక మూలము ఎన్ని మారులు వచ్చునను ప్రశ్నకు జవాబు పూర్ణాంకము కాకతప్పదు గదా! ఆ ఒక్క నిబంధనయే అనంతమైన అవకాశములను నాలుగింటికి కుదించినది. మన విద్యార్థికి ఇందులో తెలియని ఉపకరణము ఒక్కటియు లేదు. అయినను ఇది మన పాఠ్యక్రమములో నాకు కనిపించలేదు.

ఇక ఈ కథలో నాయకస్థానము వహించు గ్రాఫునకు వత్తము. ఇరువదిరెండు బిందువులు తీసుకొని, ఆరేసి బిందువుల గుంపులు 77 చేయవచ్చును. ఏ మూడు బిందువులను తీసుకొన్నను సరిగా ఒక్క గుంపులోనే మూడును ఉండునట్లు చేయవచ్చును. ఇది గణితజ్ఞులకు చిరపరిచితమైన అమరిక. ఇప్పుడు 22 బిందువులు, 77 గుంపులు, వానికి తోడు ఒక అదనపు శీర్షము, మొత్తము నూరు శీర్షములు. అదనపు శీర్షము 22 బిందువులకును పొరుగు. బిందువు తానున్న 21 గుంపులకు పొరుగు. గుంపులు రెండు ఉమ్మడి బిందువు లేనివైనచో పొరుగు. ఒక్కొక్క గుంపునకు అట్టివి 16. బిందువునకు 1, 21 కలిసి 22 మంది పొరుగువారు. గుంపునకు 6, 16 కలిసి 22 మంది. అందరికిని ఇరువదిరెండే! అంతేకాదు, ఏ శీర్షము మొదట పెట్టిన అదనపు శీర్షమో తరువాత గుర్తుపట్టుట అసాధ్యము, నూరును సమానులే. త్రిభుజములు లేవు. పొరుగు కాని ప్రతి ఇద్దరికిని ఉమ్మడి పొరుగువారు 6.

దీనిని మొదట నిర్మించినవాడు పైన చెప్పిన మెస్నర్. 1956 నాటి ఆయన పరిశోధన వ్యాసము విషయము పంట ప్రయోగముల రూపకల్పనయే. ఆ సంగతి గ్రాఫులవారికి చాలకాలము పట్టలేదు. 1967లో డొనాల్డ్ హిగ్‌మన్, చార్లెస్ సిమ్స్ స్వతంత్రముగా దీనిని కనుగొని, దీని సౌష్ఠవములనుండి 4,43,52,000 మూలకములు గల క్రొత్త సరళ సమూహమును వెలికితీసిరి. గ్రాఫ్ వారి పేరుననే నిలిచినది. పొలము దున్నినవాడొకడు, పంట పేరు మరియొకరిది. లోకములో ఇది క్రొత్త కాదు.

లెక్క మునుపటిదే. యా² + 6యా − 16 = 0; మూలములు 2, −8. మిగిలిన 99లో ఏది ఎన్ని మారులు? మొత్తము సున్న కావలెను గనుక 2 అను మూలము 77 మారులు, −8 అను మూలము 22 మారులు వచ్చును. ఒక శీర్షమునుండి చూచినచో తాను 1, పొరుగువారు 22, మిగిలినవారు 77. లాక్షణిక సదిశల వైపునుండి చూచినచో కూడ 1, 22, 77. పీటర్సన్ గ్రాఫులో ఇట్లు లేదు: శీర్షముల లెక్క 1, 3, 6, లాక్షణిక లెక్క 1, 5, 4. నూరు శీర్షముల గ్రాఫ్ అద్దములో తన ముఖమునే చూచుకొనుచున్నది. ఈ మాటను గుర్తుంచుకొనవలెను.

ఇంతవరకు పొలమునుండి గ్రాఫునకు వచ్చితిమి. రెండవ త్రోవ వేరొక చోటినుండి బయలుదేరును. 1984లో వాన్ జోన్స్ అను న్యూజిలాండ్ గణితజ్ఞుడు, అనంత పరిమాణ అంతరాళములలోని పరివర్తనల బీజగణితమును పరిశీలించుచు, తాను వ్రాసుకొన్న సమీకరణములు జడల అల్లికకు సంబంధించిన నియమములను పోలియున్నవని గమనించెను. అందుండి ముడులకు ఒక క్రొత్త బహుపది పుట్టినది. త్రాటిని తెంచకుండ ఎట్లు మెలిత్రిప్పినను ఆ బహుపది మారదు. కావున రెండు ముడులు వేరని చెప్పుటకు అది సాక్ష్యము. ఈ ఆవిష్కరణతో ముడిపడిన కృషికి ఆయనకు 1990లో ఫీల్డ్స్ పతకము లభించినది. ఆయన 2020లో దివంగతుడైనాడు. దాదాపు అదే కాలమున, 1985 ప్రాంతములో, డ్రిన్‌ఫెల్డ్, జింబో అను ఇరువురు భౌతికశాస్త్ర సమస్యలనుండి "క్వాంటమ్ సమూహములు" అను భావనకు వచ్చిరి. జోన్స్ బహుపది, ఆ తరువాత కౌఫ్‌మన్ కనుగొన్న మరియొక బహుపది, ఈ సమూహముల ప్రాతినిధ్యములనుండియే పుట్టునని తేలినది.

పేరు విని బెదరవలదు. నిజమునకు క్వాంటమ్ సమూహము సమూహమే కాదు. ఈ పేరు పెట్టినవారిపై నాకు కొంత కోపము కూడ కలదు. ప్రాతినిధ్యమనగా ఒక సమూహములోని ప్రతి మూలకమునకు బదులుగా ఒక మాత్రికను నిలుపుట. మన విద్యార్థికి తెలిసిన ఒక సంగతితో మొదలుపెట్టుదము. నాలుగుకు నాలుగు మాత్రికలో స్వేచ్ఛగా పూరింపదగిన మూలకములు 16. సౌష్ఠవ మాత్రికలో అవి 10, వక్ర సౌష్ఠవ మాత్రికలో 6. ఒక వక్ర సౌష్ఠవ రూపమును మార్చక నిలుపు పరివర్తనల సమూహమును తీసుకొన్నచో ఆ ఆరులో ఆ రూపమే ఒకటి విడిపడును, 5 మిగులును. కావున ఆ సమూహము నాలుగు పరిమాణముల ప్రాతినిధ్యమును దానితోనే గుణించినచో 4 × 4 = 1 + 5 + 10 అని చీలును.

క్వాంటమ్ సమూహములో క్యూ అను ఒక సంఖ్య ప్రవేశించును. పరిమాణమును లెక్కించునప్పుడు ఒక్కొక్క దిశకు 1 వేయుటకు బదులు క్యూ యొక్క ఒక్కొక్క ఘాతమును వేయుదురు. నాలుగు దిశలకు ఘాతములు 4, 2, −2, −4. అయిదింటికి 6, 2, 0, −2, −6. పదింటికి 8, 6, 4, 2, 0, 0, −2, −4, −6, −8. మొదటి నాలుగు పదముల మొత్తమును దానితోనే గుణించి చూడుడు. ఒకటి, అయిదు పదములు, పది పదములు ఒక్కటియు తప్పకుండ వచ్చును. క్యూ = 1 అయినచో పాత 4, 5, 10 తిరిగి వచ్చును.

క్యూ స్థానములో స్వర్ణ నిష్పత్తిని, అనగా 1నకు 5 యొక్క వర్గమూలమును కలిపి సగము చేసిన సంఖ్యను ఉంచుదము. దాని వర్గమునకు వర్గపు విలోమమును కలిపినచో సరిగా 3. నాలుగవ ఘాతమునకు అట్లే చేసినచో 7, ఆరవదానికి 18, ఎనిమిదవదానికి 47. ఇప్పుడు కూడుదము. నాలుగు దిశల ప్రాతినిధ్యము: 3 + 7 = 10. అయిదింటిది: 1 + 3 + 18 = 22. పదింటిది: 2 + 3 + 7 + 18 + 47 = 77.

10 × 10 = 1 + 22 + 77.

మొదటిమారు ఈ కూడిక చేసినప్పుడు నేను కాగితమును త్రిప్పి మరల చేసితిని. వరి మళ్ళ లెక్కనుండి పుట్టిన నూరు శీర్షముల గ్రాఫ్, క్వాంటమ్ సమూహము, రెండును ఒకే గుమ్మము వద్ద వచ్చి నిలిచినవి.

అంకెలు కలిసినంత మాత్రమున నిరూపణ కాదు. గణితములో కాకతాళీయములు కొల్లలు; వానిని చూచి పరవశించి మోసపోయినవారును కలరు. ఇచట మాత్రము కలయిక వట్టిది కాదు. 1992లో ఫ్రాన్సుకు చెందిన జేగర్ ఈ గ్రాఫునుండి కౌఫ్‌మన్ బహుపది విలువనొకదానిని నేరుగా రాబట్టెను. పద్ధతి ఇది. ముడిని కాగితముపై గీసి, గీతల మధ్యనున్న ప్రదేశములకు చదరంగపు బల్లవలె నలుపు తెలుపులు వేయవలెను. ప్రతి నల్ల ప్రదేశమునకు గ్రాఫులోని ఒక శీర్షమును కేటాయించవలెను. త్రాడు త్రాటిని దాటు ప్రతి చోట రెండు నల్ల ప్రదేశములు ఎదురెదురుగా నుండును. వాని శీర్షములు ఒకటేనా, పొరుగా, పొరుగు కాదా అను దానినిబట్టి మూడు స్థిర సంఖ్యలలో ఒకటి వేయవలెను. ఆ సంఖ్యలను గుణించి, అన్ని కేటాయింపులకును కూడవలెను. మూడు దాట్లు గల చిన్న ముడికి నల్ల ప్రదేశములు రెండే వచ్చునట్లు రంగు వేసినచో 10,000 పదములు. తగిన విధముగా సవరించిన పిమ్మట, త్రాటిని ఎట్లు కదిపినను ఆ మొత్తము మారదు. 1997లో కూపర్‌బర్గ్ ఇది ఎందుకు పనిచేయుచున్నదో ఆ నాలుగు దిశల ప్రాతినిధ్యపు బొమ్మల లెక్కతో సులభతరముగా వివరించెను.

మూలకారణము మాత్రికలలోనే కలదు. త, మ, మిగిలిన జతల మాత్రిక, ఈ మూడింటి కలయికలతో ఏర్పడు బీజగణితము మూడు పరిమాణములది. అందులో గుణకారములు రెండు: మనము నేర్పు మామూలు గుణకారము ఒకటి, మూలకమును ఎదుటి మూలకముతో మాత్రమే గుణించునది మరియొకటి. (ఈ రెండవదానిని పరీక్షలో చేసినవానికి సున్న వేయుదుము.) మామూలు గుణకారము లాక్షణిక అంతరాళములను చూచును, రెండవది శీర్షముల పొరుగును చూచును. ముడి చిత్రములో ఒక దాటును పావు వంతు త్రిప్పినచో నలుపు తెలుపులు తారుమారగును. అప్పుడు ఈ రెండు గుణకారములును తారుమారగును. కావున ముడికి పనికివచ్చు గ్రాఫ్ రెండు వైపులనుండియు ఒకే తీరుగా కనిపించవలెను. అద్దములో తన ముఖమునే చూచుకొనవలెనన్నది ఇందుకే. పీటర్సన్ గ్రాఫ్ ఎంత అందమైనదైనను ఈ పరీక్షలో నిలువదు. పంచభుజి నిలుచును: దాని లెక్క రెండు వైపులను 1, 2, 2. అద్దము ఒక్కటే చాలదు. ఏ మూడు శీర్షములను తీసుకొన్నను వానినుండి ఇతర శీర్షముల సంబంధముల లెక్క, ఆ మూడింటి పరస్పర సంబంధమును మాత్రమే ఆశ్రయించి యుండవలెను. నూరు శీర్షముల గ్రాఫ్ దానికిని ఒగ్గును.

ఈ త్రోవ నేటికిని ఆగలేదు. సాధారణ సౌష్ఠవములకు తోడు గ్రాఫునకు "క్వాంటమ్ సౌష్ఠవములు" ఉండునా అను ప్రశ్నను ఇటీవలి గణితజ్ఞులు పరిశీలించుచున్నారు. పీటర్సన్ గ్రాఫునకు అట్టివి లేవని 2018లో ష్మిట్ నిరూపించెను.

ఇక వాదమునకు వత్తును. "ఇవన్నియు పెద్ద సంస్థలలో చదువుకొనువారికి, మన పిల్లలు పాసయినచో చాలు" అను మాటను నేను అధ్యాపకుల గదిలో అనేక పర్యాయములు వింటిని. ఆ మాటలో దయ ఉన్నట్లు కనిపించును గాని లేదు. పైన చేసిన లెక్కలలో వర్గ సమీకరణము, వికర్ణపు మొత్తము, కూడిక, ఇంతకు మించి ఏమున్నది? గ్రుడ్డిగా చేయు ప్రక్రియను మన పిల్లలకును, ఆ ప్రక్రియకు అర్థమును వేరెవరి పిల్లలకో పంచిపెట్టుచున్నాము. ఇంటిలో మొదటిమారు డిగ్రీ చదువుచున్న విద్యార్థినికి మూడు వరుసల మాత్రికను ఇరువది మారులు ఇచ్చి, అది దేనికో ఒక్కమారైనను చెప్పక పంపివేసినచో, గణితము తనది కాదని ఆమె అనుకొనుట సహజము. అనుకొని విడిచిపెట్టినవారిని నేను ఎరుగుదును. వారిలో కొందరు ఆ ఇరువదింటిలో ఒక్కటియు తప్పు చేయనివారు.

"దీని వలన ప్రయోజనమేమి?" అని అడుగువారు మరియొక పక్షము. వారికి నా జవాబు బోస్ జీవితమే. ఆయన వరి మళ్ళ ప్రయోజనము కొరకు చేసినది ముడుల శాస్త్రమునకు చేరినది. పనికివచ్చునది, పనికిరానిది అను గీత ఎక్కడ గీయవలెనో 1939లో ఎవరికి తెలియును? అయితే ప్రయోజనమును గూర్చి అతిగా వాగ్దానము చేయుటయు నాకు ఇష్టము లేదు. ఈ గ్రాఫ్ తెలిసినందువలన ఉద్యోగము రాదు. మూడు వరుసల నిర్ధారకమును చేతితో విప్పుట వచ్చినందువలనను రాదు. ఆ పనిని యంత్రము రెప్పపాటులో చేయుచున్నది.

భాష అడ్డమని చెప్పువారిని మాత్రము క్షమింపజాలను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముతో వెలసినది. దాని కొరకు అంతకు ముందు సంవత్సరమే దారుల్ తర్జుమా ఏర్పడి, శాస్త్రములకు ఉర్దూలో పదములను కూర్చుటకు పూనుకొన్నది. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి కళాశాల స్థాయి గ్రంథములను తెలుగులోనికి తెచ్చినది. పై లెక్కలను నేను రెండు భాషలలోను చెప్పి చూచితిని. ఒక భాషలో అర్థము కానిది రెండవ భాషలో అర్థమైనవారు కలరు. రెండింటిలోను ఒకేసారి అర్థమై ఒకరికొకరు వివరించుకొన్నవారును కలరు. మాటలు లేకపోవుట కాదు, గంటలు లేకపోవుట మన సమస్య. అందుకును మార్గము కలదు. విలోమమును కేలీ–హామిల్టన్ పద్ధతిలో కనుగొనుటను నాలుగు మారులు చేయించుటకు బదులు ఒక్కమారు చేయించి, మిగిలిన మూడు పీరియడ్లు పీటర్సన్ గ్రాఫునకు ఇయ్యవలెను. నల్లబల్లపై పది చుక్కలు చాలును. పరీక్షలో ప్రశ్న కూడ అందుండి రావలెను, లేనిచో "సార్, ఇది పరీక్షకు వస్తుందా?" అను ప్రశ్నకు మేము తలవంచుకొనవలసివచ్చును.

అట్టి ప్రశ్న యొకటి ఇచటనే ఇచ్చుచున్నాను. హాఫ్‌మన్, సింగిల్‌టన్ చెప్పిన నాలుగు సంఖ్యలలో 2 పంచభుజి, 3 పీటర్సన్ గ్రాఫ్, 7 వారు నిర్మించిన ఏబది శీర్షముల గ్రాఫ్. 57 మాత్రము మిగిలిపోయినది. అట్టి గ్రాఫ్ ఉన్నచో దానికి 3,250 శీర్షములుండవలెను. అది ఉన్నదో లేదో నేటివరకు ఎవరును తేల్చలేదు. కాని దాని లాక్షణిక మూలములు ఏవి, ఏది ఎన్ని మారులు వచ్చునో మన విద్యార్థి అయిదు నిమిషములలో చెప్పగలడు. యా² + యా − 56 = 0; మూలములు 7, −8. వికర్ణపు మొత్తము సున్న. −8 అను మూలము 1,520 మారులు వచ్చును. 7 ఎన్ని మారులు వచ్చునో లెక్క కట్టినవారు ఆ సంఖ్యను చూడగానే గుర్తుపట్టుదురు: 1729.